డోర్నకలు పీఠము

మా ఉదయగిరి, ఆత్మకూరు సీమలలోని క్రైస్తవులు పెక్కండ్రు బాప్టిస్టులు. 1840లో నెల్లూరు చేరిన అమెరికా మిషను శాఖకుఁ జెందినవారు. వారికి బిషపు లేఁడు. ఏ సంఘమున కా సంఘమే పెద్ద. బిషపు లేలెడు ఆంగ్లికను మతశాఖ తెనుఁగుదేశమున నెట్లు వృద్ధినొందెనో తెలియఁగోరు సోదరీమణులు డోర్నకలు పోవలయును. నెల్లూరులో రైలెక్కి, కృష్ణ దాఁటి, బెజవాడ, ఖమ్మముల మీఁదుగాఁ బోవలెను. బొగ్గుగనుల దారి చీలునది యచ్చటనే.

ఊరు చిన్నది, దేవాలయము పెద్దది. వెలుపల మసీదునకువలె మినారులు, గుమ్మటములు. లోపల మన గుడిమండపములందువలె స్తంభములు. ఉదయగిరి దుర్గముమీఁద గుడియు మసీదును వేఱువేఱుగా నున్నవి. ఇచ్చట రెండు శిల్పములు నొక్క కప్పు క్రింద నిమిడినవి. 1939 జనవరి 6న దీనికిఁ బ్రతిష్ఠ జరిగినది.

తొలి బిషపు వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు తిరునెల్వేలి సీమవారు. 1909లో నిచ్చటికి వచ్చి, అరవము మాతృభాషయైనను, తెనుఁగు నేర్చి తెనుఁగులోనే బోధించిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో నభిషిక్తులైరి. భారతీయులలో ఆంగ్లికను బిషపైన మొదటివారు వీరే. నాఁడు వీరి యేలుబడి నైజాములో కొద్దిమేర. పిదప కృష్ణా ప్రాంతపు సంఘములును జేరినవి. 1941 నాఁటికి జనము రెండు లక్షలు దాఁటిరి.

ఇది యెట్లు జరిగెను? అందు విస్తారము మాల మాదిగలు. పురాణము వినుటకైన గుడి యరుగెక్కనీయని యూళ్లలో, వారి వాడకే పంతు లొకఁడు వచ్చి పిల్లలచే నక్షరములు దిద్దించెను. వాడలోని యాఁడువారికిఁ జెప్పినది మాత్ర మాతని భార్య. అందులకే డోర్నకలులో పంతుళ్లతోపాటు వారి యిల్లాండ్రకును శిక్షణ మిచ్చిరి. బిషపుగారి భార్య అన్బు మరియమ్మాళ్ కళాశాలలోఁ జదివిన యామె. స్త్రీల సమాజములు నడపినది. చరిత్రలలో బిషపుల పేళ్లు నిలిచినవి గాని, యా పంతులమ్మల పేళ్లు మచ్చునకైనఁ గానరావు.

విదేశధనము రాలేదని కాదు. అయినను ఎసటఁ బోయుటకుముందు ఇల్లాలు తీసియుంచిన పిడికెడు బియ్యమును సంఘమును పోషించినది. కడుపునిండ తినని యిండ్లలో పిడికెడన నెంతయో మనకుఁ దెలియనిదా! బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలపై నుంచుకొని, ఇతరులకును బోధింతుమని ప్రమాణము చేసెడివారు. మాల మాదిగల పరస్పరద్వేషము మాత్రము బాప్తిస్మముతోఁ బోలేదు. బిషపుగారు దానితో నెడతెగక పోరాడిరి.

క్రైస్తవశాఖల యైక్యమునకై 1919లో తరంగంబాడిలో మొదలైన యత్నమున వారును ముఖ్యులు. ఫలము చూడకయే 1945 జనవరి 1న డోర్నకలులో గతించిరి. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికనులు, మెథడిస్టులు మొదలగువారు దక్షిణ ఇండియా సంఘముగా నేకమైరి. డోర్నకలు పీఠము నేఁడు నందులోనిదే. మా సీమ బాప్టిస్టులు చేరలేదు.