బంగారం గొంతు ఇంత చిన్నదా!

నడుము లోతు నీళ్ళు. కిందికి చూస్తే నా మోకాళ్ళే నాకు కనపడటం లేదు. డాలస్ ఎండకి లేక్ లూయిస్‌విల్ నీళ్ళు పైన గోరువెచ్చగా, పాదాల దగ్గర చల్లగా ఉన్నాయి. చెవులకి హెడ్‌ఫోన్స్, చేతిలో పొడుగాటి కడ్డీ, దాని చివర పళ్ళెమంత చుట్ట. వాకిలి ఊడ్చినట్టు ఆ చుట్టని నేలకి ఆనీ ఆనకుండా అటూ ఇటూ తిప్పుతున్నాను. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. ఉన్నట్టుండి "టుంగ్" అంది! గుడిలో చిన్న గంటని గోటితో మీటితే వచ్చేంత చప్పుడు. చుట్టని వెనక్కి తెచ్చాను, మళ్ళీ అంది. కుడి నుంచి తెచ్చినా ఎడమ నుంచి తెచ్చినా అదే చోట, అదే స్వరం.

ఒళ్ళు జలదరించింది. కంటికి ఆనని వస్తువు చెవికి దొరకడం నా నలభై మూడేళ్ళలో అదే మొదటిసారి.

పొడుగు కర్రకి బిగించిన చిల్లుల బుట్టతో అడుగున ఇసుక తోడి, పైకెత్తి జాడిస్తే చివరికి మిగిలింది ఒక క్వార్టర్. పాతిక సెంట్ల బిళ్ళ. నీళ్ళలో నాని నాని పాత ఇటుక రంగుకి తిరిగింది. బొటనవేలితో రుద్దితే వాషింగ్టన్ ముఖం, దాని కింద 1776–1976 అని రెండు సంవత్సరాలు, వెనక డోలు వాయిస్తున్న మనిషి. అమెరికా తన రెండు వందల ఏళ్ళ పండక్కి వేసుకున్న నాణెం! ఎవరి జేబులోంచి ఎప్పుడు జారిందో. ఎందరు పిల్లలు దాన్ని తొక్కుకుంటూ ఈదులాడి ఉంటారో. మళ్ళీ వెలుతురు చూసిన క్షణంలో అక్కడున్నది నేను!

అసలు మేం వెళ్ళింది దాని కోసం కాదు. విజయవాడ నుంచి వచ్చిన మా బావ ఆదివారం పిల్లలతో నీళ్ళలో బంతాట ఆడుతూ పగడపు ఉంగరం పోగొట్టుకున్నాడు. వాళ్ళ నాన్నగారు చేయించి పెట్టిన ఉంగరం. ఆ రాత్రి అన్నం దగ్గర బావ ఒక్క మాటా మాట్లాడలేదు. సంగతి విని పక్కింటి అన్నయ్య వచ్చారు. భీమవరం ఆయన. ఆయన గరాజ్‌లో గొడుగుల పక్కన ఈ మెటల్ డిటెక్టర్ ఉందని ఆరేళ్ళుగా మాకు తెలియనే తెలియదు. "నీళ్ళలో నానితే వేలు సన్నబడుతుంది తమ్ముడూ, పైగా ఎండకి రాసుకున్న క్రీము జారుడు. ఉంగరాలు పోయేది ఇలాగే. బంగారం బరువు కదా, పడిన చోటే ఇసుకలోకి దిగిపోతుంది. ఎక్కడికీ పోదు" అన్నారు. ఆ చివరి మాటకి బావ ముఖంలోకి కాస్త రంగు వచ్చింది.

మంగళవారం పొద్దున్నే ముగ్గురం దిగాం. క్వార్టర్ దొరికాక నాకు పూనకం వచ్చింది. సోడా డబ్బాల మూతి రింగులు నాలుగు, జడపిన్నులు, గాలానికి కట్టే సీసపు గుండ్లు, ఒక తాళంచెవి. ప్రతిదానికీ ఒక గొంతు! ఇనుము బొంగురుగా గుర్రుమంటుంది. రాగి, వెండి గంటలా మోగుతాయి. తగరపు కాగితం, అల్యూమినియం మధ్యస్థంగా ఏదో గొణుగుతాయి. గంటలోపలే నేను పెద్ద తెలిసినవాడిలా వాటిని పోల్చేస్తున్నాను. అలాంటి ఒక గొణుగుడు వినపడితే "ఇది రేకుముక్క అన్నా, వదిలేద్దాం" అన్నాను.

"తవ్వు" అన్నారాయన.

తవ్వాను. బుట్టలో ఇసుక కరిగిపోతుంటే ముందు ఎర్రటి చుక్క కనపడింది. పగడం. దాని చుట్టూ మెరుస్తూ బంగారం. క్వార్టర్ రంగు మారింది, తాళంచెవికి పాచి పట్టింది, ఉంగరం మాత్రం అప్పుడే కంసాలి చేతిలోంచి వచ్చినట్టుంది. బావ నీళ్ళలోనే నిలబడి దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

ఆ యంత్రం గురించి నేను నేర్చుకున్న అన్నిటిలోకీ నన్ను నివ్వెరపరిచింది ఇదే. బంగారం గట్టిగా పిలవదు. సన్నపాటి ఉంగరమూ, సోడా డబ్బా రింగూ యంత్రానికి ఇంచుమించు ఒకే గొంతుతో వినపడతాయి. చెత్త వద్దని ఆ స్వరాన్ని నొక్కేస్తే, దాంతోపాటు ఉంగరాలూ పోతాయి. అందుకే నీళ్ళలో వెతికేవాళ్ళు మధ్యస్థంగా వినపడిన ప్రతిదాన్నీ తవ్వుతారు. నా మాట నెగ్గి ఉంటే బావ ఉంగరం ఇంకా అక్కడే ఉండేది.

ఇది ఎలా వింటోంది అని ఆ రాత్రంతా చదువుతూనే ఉన్నాను. చుట్టలోని కరెంటు సెకనుకి వేలసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అన్నయ్య దగ్గరున్న గారెట్ ఏటీ ప్రో అయితే 15 వేల సార్లు. దాంతో చుట్టూ ఒక అయస్కాంత క్షేత్రం ఊగుతుంది. అది లోహాన్ని తాకితే లోహంలో చిన్న చిన్న కరెంటు సుడులు పుడతాయి. ఆ సుడులు తిరిగి తమ సొంత క్షేత్రాన్ని పంపుతాయి. చుట్టలోనే ఉన్న రెండో తీగ ఆ జవాబుని వింటుంది. అంతే! గోదావరి రేవుల్లో తాడుకి అయస్కాంతం కట్టి బిళ్ళలు లాగే పిల్లల్ని చూస్తూ పెరిగినవాణ్ణి, ఇదీ అలాంటి లాగుడే అనుకునేవాణ్ణి. కాదు. అయస్కాంతం ఇనుముని, స్టీలు బిళ్ళల్ని లాక్కుంటుంది, బంగారాన్ని పట్టించుకోనే పట్టించుకోదు. ఇది దేన్నీ లాగదు. ఒక ప్రశ్న వేసి జవాబు కోసం చెవి ఒగ్గుతుంది.

టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో ఇదే సూత్రంతో, కాల్పుల్లో గాయపడ్డ అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లోని తూటాని వెతికాడట. కానీ పరుపులోని ఉక్కు తీగలు జవాబుని గందరగోళం చేశాయి. ఆ పేజీ దగ్గర ఆగి చాలాసేపు పైకప్పు చూస్తూ ఉండిపోయాను. నా బావ ఉంగరాన్ని పట్టిచ్చిన ఆలోచనకి అంత వెనకటి చరిత్ర ఉంది!

ఇక కొనాలా వద్దా. నాకైతే బుధవారానికే అది ప్రశ్న కాదు, కానీ ఏది కొనాలన్నది పెద్ద ప్రశ్నే. నీళ్ళలో పనిచేస్తుందని రాసి ఉంటే సరిపోదు, ఎంత లోతు, ఏ నీళ్ళు అని అడగాలి. ఏటీ ప్రో పది అడుగుల దాకా మునుగుతుంది. మైన్‌లాబ్ ఎక్వినాక్స్ 900 అయిదు మీటర్లు, ఎక్స్‌పీ డ్యూస్ 2 ఇరవై మీటర్లు. గాలి సిలిండరు కట్టుకుని అడుగుకి వెళ్ళేవాళ్ళ కోసం చేసిన మైన్‌లాబ్ ఎక్స్‌కాలిబర్, గారెట్ సీ హంటర్ లాంటివి 200 అడుగులు. నేను డైవింగ్ చేసేవాణ్ణి కాను, ఛాతీ లోతు దాటను. దాంతో ఆ ఖరీదైన వరస నా లెక్కలోంచి దానంతటదే తప్పుకుంది. ఇంకో సంగతి: యంత్రం మునిగినా, దాంతో ఇచ్చే హెడ్‌ఫోన్స్ చాలావాటికి మునగవు. బ్లూటూత్ నీళ్ళలో సాగదు కాబట్టి తల ముంచాలంటే తీగ ఉన్న, నీళ్ళు చొరని హెడ్‌ఫోన్స్ వేరే కొనుక్కోవాలి.

అంతకంటే ముఖ్యమైనది ఉప్పు. ఇది విన్నప్పుడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. ఉప్పునీళ్ళలో కరెంటు పారుతుంది కదా, అందుకని ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రాన్ని అలల్లోకి తీసుకెళ్తే అది సముద్రాన్నే లోహం అనుకుని గోల పెడుతుంది! మన భీమిలిలో కనపడే నల్ల ఇసుక లాంటిది తోడైతే ఇంకా కష్టం. ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపే యంత్రాలు వాటి జవాబుల్ని పోల్చుకుని ఉప్పు గోలని తీసేయగలవు. పల్స్ ఇండక్షన్ అనే మరో రకం ఉంది. అది కరెంటుని చిన్న చిన్న దెబ్బలుగా వేసి, ఆగి, వింటుంది. ఉప్పునీ నల్ల ఇసుకనీ లెక్కచేయదు కానీ, ఇనుప మేకుకీ ఉంగరానికీ తేడా చెప్పడం దానికి పెద్దగా చేతకాదు.

మా లేక్‌లో మంచినీళ్ళు. ఇక్కడికి ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రం హాయిగా సరిపోతుంది, ధరా తక్కువే. మా ఆవిడ సరైన ప్రశ్న అడిగింది: "సముద్రానికి ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తాం?" రెండుసార్లు. గాల్వెస్టన్‌కి. ఆ రెండుసార్లూ చేతులు కట్టుకుని ఒడ్డున కూర్చోవడం ఇక నా వల్ల కాదని తనకి నిజాయితీగానే చెప్పాను. ఎక్వినాక్స్ కంటే బాగా తక్కువకి పలు ఫ్రీక్వెన్సీలతో వచ్చే నోక్టా లెజెండ్ దగ్గర మా ఇద్దరి మాటా కలిసింది. అన్నయ్య మాత్రం, "ముందు మంచి స్టెయిన్‌లెస్ స్టీలు బుట్ట కొనుక్కో తమ్ముడూ. యంత్రం చోటు చూపిస్తుంది, నీళ్ళలోంచి పైకి తెచ్చేది బుట్టే" అన్నారు. ఉంగరం రెండుసార్లు నా బుట్ట అంచు నుంచి జారిపోయి మళ్ళీ దొరికింది కాబట్టి ఆ మాట విలువ నాకు తెలుసు.

ఎక్కడ పడితే అక్కడ దిగకూడదన్నదీ తెలుసుకున్నాను. లేక్ లూయిస్‌విల్ అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగానిది. ఈ విభాగం వాళ్ళ చెరువుల్లో గుర్తించిన బీచ్‌ల దగ్గర, ఇదివరకే తవ్వి కదిపిన నేలల్లో, అక్కడి అధికారులు నిషేధించకపోతే వెతకొచ్చు. ఎవరిదో తెలియని నాణేల్లాంటివి 25 డాలర్ల లోపువైతే ఉంచుకోవచ్చు. అంతకు మించినవి ఆఫీసులో అప్పగించాలి. మా టెక్సస్‌లోనే ఉన్న పాడ్రే దీవి జాతీయ తీరంలో అసలు ఈ యంత్రమే తీయకూడదు. అక్కడ 1554లో మూడు స్పెయిన్ ఓడలు తుపానుకి మునిగాయి. 1967లో ఇండియానా నుంచి వచ్చిన ఒక ప్రైవేటు సంస్థ ఒక ఓడ నుంచి వస్తువులు తోడుకుపోతే జనం మండిపడ్డారు, 1969లో టెక్సస్ తన పురావస్తు చట్టం తెచ్చుకుంది. నాకు ఆ చట్టం నచ్చింది. ఓడ ఒక ఊరంత కథ, దాన్ని బుట్టతో ముక్కలు ముక్కలుగా తోడకూడదు. నిన్నటి ఉంగరాలూ, మొన్నటి క్వార్టర్లూ నాకు చాలు.

శనివారం రాజమండ్రిలో ఉన్న అమ్మకి వీడియో కాల్‌లో ఇదంతా చెప్పాను. రైలు వంతెన ఎక్కగానే మా చేతుల్లో బిళ్ళలు పెట్టి గోదారిలో వేయించిన మనిషి. "అయితే మనం వేసినవన్నీ అక్కడే ఉంటాయంటావా?" అంది. పక్క నుంచి నాన్న అందుకున్నారు: "ఉంటే ఉంటాయి. పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది. అయినా గోదారమ్మకి ఇచ్చింది తిరిగి తీసుకుంటామా?" తీసుకోనని మాటిచ్చాను.

"సరేగానీ, అది ఎలా అంటుందో ఒకసారి వినిపించు" అంది అమ్మ.

అన్నయ్య యంత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది. పెరట్లో గడ్డి మీద మా ఆవిడ గాజు పెట్టి, ఫోన్ దగ్గరగా పట్టుకుని చుట్ట తిప్పాను. అమ్మ నవ్వింది. వంటింట్లోంచి ఇనప అట్లకాడ తెమ్మంది, దాని గుర్రు విని ఇంకా నవ్వింది. తర్వాత క్వార్టర్. తర్వాత బావ ఉంగరం. బావ ఈసారి దాన్ని వేలి నుంచి తీయనన్నాడు, చెయ్యే గడ్డి మీద పెట్టాడు.

"ఏమీ వినపడలేదురా" అంది అమ్మ.

చిన్న గొంతమ్మా, ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకో అన్నాను. మళ్ళీ మెల్లగా తిప్పాను.

"ఆఁ... ఆఁ! ఇంకొక్కసారి!"