బతికించే పని ఎవరిది?

"మనుషులకే దిక్కులేదు, కుక్కలకెందుకమ్మా ఈ సేవలు?" షెల్టర్ గేటు దగ్గర తరచుగా వినబడే ప్రశ్న ఇది. ఎవరు అడుగుతారన్నదాని కంటే ఎవరిని అడుగుతారన్నది నాకు ఆసక్తి కలిగించింది. ఏడాదికోసారి పుట్టినరోజున బియ్యం బస్తా ఇచ్చి, ఫోటో దిగి వెళ్లే పెద్దమనిషిని ఎవరూ అడగరు. ఆయనది దయాగుణం. రోజూ గిన్నెలు కడిగే ఆడవాళ్లను అడుగుతారు. వీళ్లది పనిలేనితనం. పిల్లలు లేరేమో, పెళ్లి కాలేదేమో అని ఆరా కూడా తీస్తారు. నాకు ముప్పై ఆరేళ్లు, పెళ్లి చేసుకోలేదు. నా విషయంలో వాళ్లకు జవాబు వెంటనే దొరుకుతుంది.

తెలుగు కథల్లో ఇంటిచాకిరీ మీద నేను పరిశోధన చేశాను. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం హైదరాబాద్ శివార్లలోని ఒక చిన్న షెల్టర్‌కు వెళ్తున్నాను. రెండు కాలనీలవాళ్లు చందాలేసుకుని నడుపుకుంటున్నది. నలభై కుక్కలు, ఓ పది పిల్లులు. రిటైరైన టీచరమ్మ ఒకరు బాధ్యత చూస్తారు. జీతానికి పనిచేసేది ఒక్కామే. తెల్లవారుజామున మునిసిపాలిటీ రోడ్లు ఊడ్చి, ఆ తర్వాత ఇక్కడికి వస్తుంది. మిగిలిన పదకొండుమందిమి వంతులు వేసుకున్నాం. అందులో తొమ్మిదిమంది ఆడవాళ్లమే.

ఇలాంటి చోట్లను 'నో-కిల్' షెల్టర్లు అంటారు. స్థలం చాలలేదనో, పెంచుకోవడానికి ఎవరూ రాలేదనో ఏ జంతువునూ చంపరు. నయంకాని జబ్బుతో నరకయాతన పడుతుంటే మాత్రమే డాక్టర్ చేత నొప్పిలేని మరణం ఇప్పిస్తారు. అయితే చంపకూడదనుకోవడం ఒక నిర్ణయం. ఒకసారి తీసుకుంటే సరిపోతుంది. బతికించడం మాత్రం రోజూ చేయాల్సిన పని.

అది గచ్చు కడగడంతో మొదలవుతుంది. కొత్తగా వచ్చిన కూనలను విడిగా ఉంచాలి. పార్వో జబ్బు తగిలితే రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పోతాయి. ఆ వైరస్ నెలల తరబడి నేలను పట్టుకుని ఉంటుంది. అందుకని బ్లీచింగ్ నీళ్లతో కడగాలి, ఆ గదిలోకి వేసుకెళ్లిన చెప్పులతో ఇంకో గదిలో అడుగుపెట్టకూడదు. నూకలు, చికెన్ ముక్కలు పెద్ద గిన్నెలో ఉడికించాలి, ఎముకలు ఏరెయ్యాలి. గజ్జికి మందు వెయ్యాలి. పుండ్లలోంచి పురుగులు ఒక్కొక్కటే తియ్యాలి. బండి కింద పడి నడుము విరిగినదానికి ఒరిపిడి పుండ్లు పడకుండా గంటగంటకూ పక్క మార్చాలి. ఇవన్నీ మీకు తెలిసిన పనులే. మంచానపడిన అత్తగారికో నాన్నకో చేసే ఉంటారు. అక్కడ లెక్కలోకి రానట్టే ఇక్కడా రావు.

ఈ పనికీ, దీన్ని చూసి నవ్వడానికీ చాలా చరిత్ర ఉంది. 1860లో మేరీ టీల్బీ లండన్‌లో దిక్కులేని కుక్కల కోసం ఆశ్రయం మొదలుపెడితే పత్రికలు వెక్కిరించాయి. తర్వాత బాటర్సీ పేరుతో ప్రసిద్ధమైంది అదే. మన దేశంలో 1950లలో రుక్మిణీదేవి అరుండేల్ జంతుహింసను అరికట్టాలని రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. 1960 నాటి చట్టానికి అది దారి వేసింది. నాట్యచరిత్రలో ఆమెకున్న పేరు ఈ పనికి దక్కలేదు. 1992లో హైదరాబాద్‌లో బ్లూ క్రాస్‌ను మొదలుపెట్టినవారిలో అమల అక్కినేని ముఖ్యులు. వీధికుక్కలను చంపడానికి బదులు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని 2001 నియమాలు చెప్పాయి. 2023లో వచ్చిన కొత్త నియమాలూ అదే పద్ధతిని కొనసాగించాయి.

ఆపరేషన్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. గేటు ముందు గోనెసంచిలో వదిలేసి వెళ్లే కూనల్లో ఎక్కువ ఆడవే. గేదెకు ఆడదూడ పుడితే ఇంటిల్లిపాదికీ సంతోషం, పాలిస్తుంది కాబట్టి. కుక్కకు ఆడకూన పుడితే పారేస్తారు, మళ్లీ ఈనుతుంది కాబట్టి. ఆడతనం విలువ లాభాన్ని బట్టి మారుతోంది. ఆపరేషనై మత్తు దిగని కుక్క పక్కన కూర్చుని మా పనామె ఒకసారి అంది: "దీన్ని కుట్లు మానేదాక పంపరు. మమ్మల్ని సాయంత్రానికే ఆటో ఎక్కిచ్చిన్రమ్మా." 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒక్కరోజే 34మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు స్త్రీలు చనిపోయిన సంగతి మనం మర్చిపోకూడదు. కుక్కకు దొరికిన శ్రద్ధ ఎక్కువని కాదు ఆమె అన్నది. ఆ శ్రద్ధ అసాధ్యమేమీ కాదని కళ్లారా చూశానంటోంది.

వీధికుక్కల మీద జాలి గురించి మాట్లాడేటప్పుడు భయం గురించి కూడా మాట్లాడాలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో కుక్కల దాడిలో చనిపోయిన నాలుగేళ్ల బాబు ఒక సెక్యూరిటీ గార్డు కొడుకు. జాలిపడే తీరిక, భయపడాల్సిన అవసరం ఒకే మనుషులకు పంచబడలేదు. దీని మీద కూడా మా పనామె మాటే నాకు స్పష్టంగా అనిపిస్తుంది. "పొద్దుగాల చీపురు పట్టుకొని రోడ్డు మీదికి పోయేది మేమే గదా. కుక్క కార్లున్నోళ్లను కరుస్తదా? అందుకే అన్నిటికి సూదులెయ్యాలె, ఆపరేషన్లు చెయ్యాలె అంటున్న." ఆమెకు కుక్కలంటే ప్రేమా, భయమా అని అడిగితే నవ్వింది. రెండూ ఉన్నాయట.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22న ఆ ఆదేశాన్ని సవరించి, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ఉన్నవాటినీ మినహాయించి, మిగతావాటిని ఆపరేషన్, టీకా తర్వాత పాత చోటే వదలమంది. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల నుంచి తొలగించాలని నవంబర్ 7న మళ్లీ ఆదేశించింది. ఆ రోజుల్లో టీవీ చర్చల్లో రెండు పక్షాలవాళ్లూ 'షెల్టర్' అనే మాటను ధారాళంగా వాడారు. అక్కడ గచ్చు ఎవరు కడుగుతారని ఒక్కరూ అడగగా నేను వినలేదు.

జంతుప్రేమ గురించి చెప్పేటప్పుడు మనవాళ్లు ధర్మరాజు కథ చెప్తారు. కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడని. అదే ప్రయాణంలో ద్రౌపది కూలిపోతే వెనక్కి తిరిగి చూడలేదని మాత్రం చెప్పరు. మా దగ్గర కిందటేడు చందాలు తగ్గినప్పుడు ఒక్క కుక్కకూ ఒక్క పూట తిండి తప్పలేదు, పనామె జీతం మాత్రం రెండు నెలలు ఆగింది. "సేవ కదా, సర్దుకుంటుందిలే" అన్నారొకరు. సేవ మనది, ఆమెది కూలి అని టీచరమ్మ ఆ సమావేశంలో గట్టిగా చెప్పారు.

చాలాసేపు వాదులాడుకున్నాక కొత్త పద్ధతి పెట్టుకున్నాం. చందా రాగానే మొదట ఆమె జీతం, ముందుజాగ్రత్త రేబిస్ టీకాల ఖర్చు తీసి పక్కన పెట్టాలి. ఆ తర్వాత మందులు, తిండి. మిగిలినదాన్ని బట్టి కొత్త జంతువును చేర్చుకోవాలి. దీనివల్ల కొన్నిటిని గేటు దగ్గరి నుంచే తిప్పి పంపుతున్నాం. అది సులువుగా ఏమీ లేదు. కరుణ తగ్గిపోయిందని ఇద్దరు చందా మానేశారు. వచ్చినవి, పోయినవి, పెంపకానికి వెళ్లినవి రాసుకునే మా రిజిస్టర్‌లో ఇప్పుడు ఇంకో గడి ఉంది: ఎవరు, ఎన్ని గంటలు. రెండు నెలల లెక్క మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి వచ్చాం. చట్టప్రకారం చేయాల్సిన పనిని ఎవరు చేస్తున్నారో వాళ్లకూ తెలియాలి కదా.