మొహమాటానికి మూల్యం

మా మనవడు తన మొదటి జీతంతో మా దంపతులను విందుకు పిలిచాడు. బోరబండలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కితే తరువాతి స్టేషనే హైటెక్ సిటీ. అక్కడ ఒక ఖరీదైన రెస్టారెంటు. నా భార్య కోరిన ఫ్రైడ్ రైస్ వచ్చింది. చెంచాడు రుచి చూశాను. పైన వెచ్చగా, లోపల చల్లగా ఉంది. ఎప్పుడో వండిన అన్నాన్ని మళ్లీ వేడి చేశారని అనుమానం కలిగింది. కానీ మనవడి ముఖంలోని సంతోషమూ, మెనూలోని ధరా నా నోరు కట్టేశాయి.

తిన్న మూడు గంటల్లోనే ఆమెకు వాంతులు మొదలయ్యాయి. ఓ.ఆర్.ఎస్. తాగిస్తూ కూర్చున్నాను. తెల్లవారేసరికి తేరుకుంది. కారణం ఆ అన్నమేనని పరీక్ష లేకుండా నిర్ధారించలేను. అయినా ఈ సంగతి తెలుసుకోండి.

బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచితే అవి మొలకెత్తి, పెరిగి, విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం నశించదు. కనుక వండిన అన్నాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిగానో, 5 డిగ్రీలకు లోపు ఫ్రిజ్‌లోనో ఉంచాలి.

జీవితమంతా రోగులకు జాగ్రత్తలు చెప్పిన నేను ఆ పూట మొహమాటపడ్డాను. మీరు పడకండి. చల్లారిన అన్నం వస్తే, ధర ఎంతైనా సరే, తిప్పి పంపండి.