వంగితేనే సుఖమా?



మూడు ఆదివారాలుగా మన సంఘపు పెద్దాయన ఒకరు ఆరాధనకు రాలేదు. జ్వరమేమో అనుకొని మేము వరంగల్ కొత్తవాడలోని ఆయన ఇంటికి వెళ్ళాము. వాకిట్లోకే మగ్గం చప్పుడు వినిపించింది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నేసే వాడ అది. ఆయన నలభై ఏళ్ళుగా మగ్గం మీదికి వంగి నేస్తూనే ఉన్నారు.

"జ్వరం కాదు అయ్యగారూ. కింద కూసుంటే లేవొస్తలేదు. అందరు కింద కూసుంటే నేనొక్కన్ని కుర్చీల ఎట్ల కూసుంట?" అన్నారు.

మాకు సిగ్గేసింది. మందిరంలో మనం కూర్చునే జంపఖానా ఆయన నేసి ఇచ్చిందే.

"మగ్గం దగ్గర కాస్త నిటారుగా కూర్చోండి పెద్దయ్యా" అన్నాము. ఆయన నవ్వి, "వంగితేనే సుఖమున్నది. సక్కగ కూసుంటే నొస్తది" అన్నారు.

ఆ మాట అబద్ధం కాదు. నిటారుగా కూర్చుంటే వెన్ను వెంట ఉన్న కండరాలు పనిచేస్తూ ఉండాలి. వంగి కూలబడగానే అవి పని మానేస్తాయి. బరువు ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ల మీద, వెన్నుపూసల మధ్య డిస్కుల మీద పడుతుంది. కండరాలకు సెలవు దొరికింది గనుక సుఖం. కానీ చాలాసేపు అలాగే ఉంటే లిగమెంట్లు సాగుతాయి, వాడని కండరాలు బలం తగ్గుతాయి. అప్పుడు నిటారుగా ఉండడమే కష్టమనిపిస్తుంది. ఫోను మీదికి వంగే మన పిల్లలదీ, మంచం మీద వంగి ప్రసంగం రాసుకునే మాదీ ఇదే కథ. మనసులో పెంచుకున్న పగ కూడా అంతే. అలవాటైతే అదే హాయిగా ఉంటుంది.

లూకా సువార్త 13వ అధ్యాయంలో 18 ఏళ్ళుగా నడుము వంగిపోయిన స్త్రీని చూస్తాము. ఆమె ఏమీ అడిగినట్టు అక్కడ లేదు. యేసయ్యే ఆమెను చూశారు, పిలిచారు. మేమైతే మూడు వారాలు చూడలేకపోయాము.

మన నడుములు ఒక్కరోజులో వంగలేదు, ఒక్కరోజులో నిలబడవు. రోజంతా కర్రలా బిగుసుకొని కూర్చోనక్కరలేదు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేద్దాం. నడుము మీద చేతులు పెట్టి, నొప్పి లేనంత మేరకు మెల్లగా వెనక్కి వంగుదాం. పీట మీద దుప్పటి మడతపెట్టి, తుంటి మోకాళ్ళకన్నా కాస్త ఎత్తులో ఉండేలా కూర్చుందాం. ఫోనును కళ్ళ దగ్గరికి ఎత్తుదాం. కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా ప్రార్థన చేసుకుంటూనే డాక్టరు దగ్గరికి వెళ్దాం.

ఆ ఆదివారం మందిరంలో గోడ పొడవునా కుర్చీలు వేశాము. అవసరమైన వారెవరైనా కూర్చోవచ్చని ముందే చెప్పాము. ప్రసంగం మధ్యలో అందరం లేచి ఒక పాట పాడాము. పెద్దాయన కుర్చీ పట్టుకొని మెల్లగా లేచారు. నడుము పూర్తిగా నిటారు కాలేదు. చేతులు మాత్రం పైకి లేచాయి.

మన మధ్య నుండి ఇంకెవరు నొప్పి చెప్పుకోలేక ఆగిపోయారో ఈ వారం చూద్దాం. వారి ఇంటికి వెళ్దాం. ఆమేన్.