విశాఖతీరమున విమానదర్శనము

విశాఖపట్టణమునకు పోయి సముద్రము చూడక తిరిగి వచ్చువారు లేరు. సింహాచలమున అప్పన్న దర్శనము, పిదప రామకృష్ణా బీచి యని పిలువబడు ఇసుక తీరమున సాయంకాలము గడపుట, ఇదియే చాలకాలమునుండి మన కుటుంబములవారి యాత్రాక్రమము. ఆ క్రమములో ఇప్పుడు మరియొకటి చేరినది. ఆ తీరపు బాట ప్రక్కనే 2017 సంవత్సరము డిసెంబరు 7వ తేదీన అప్పటి రాష్ట్రపతి శ్రీ రామనాథ కోవిందుగారు ప్రారంభించిన విమాన ప్రదర్శనశాల కలదు. టి.యు. 142 అను నౌకాదళపు విమానమే అచ్చట ముఖ్య దర్శనీయము. మెట్లెక్కి దాని కడుపులోనికే పోయి చూడవచ్చును. మొన్న వేసవి సెలవులలో మేము సకుటుంబముగా పోయి చూచి వచ్చితిమి. ఆ విశేషములు సోదరీమణులకు ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

మా ప్రయాణమునకు ఒక కారణము కలదు. మా అమ్మాయి ఇంటర్మీడియెట్టు చదువుచున్నది. నౌకాదళములో చేరి విమానము నడుపవలెనని దాని కోరిక. పరీక్షకు దరఖాస్తు పంపు గడువు సమీపించుచుండెను. మావారు ఔననలేదు, కాదనలేదు. మా అత్తగారు మాత్రము ఖండితముగా వలదనిరి. "మగపిల్లవానినైనను నేను పంపను. ఆడపిల్లను పంపుదునా?" అని వారి మాట. నాకు ఇరువురి మాటలును న్యాయముగానే తోచుచుండెను. బిడ్డ కోరిక యొక వైపు, పెద్దవారి భయ మొక వైపు. నడుమ రెండు మాసములు మా యింట భోజనముల వేళ ఇదే చర్చ. తుదకు మావారు, "ఎన్నడు చూడని వస్తువునుగూర్చి ఎంతకాలము వాదింతురు? ముందు చూచి రండు, పిదప మాటలాడుదము" అని, రాజమహేంద్రవరమునుండి విశాఖకు అందరికిని టిక్కెట్లు తెచ్చిరి.

ఎండ కొంత చల్లబడిన పిదప మేము తీరమునకు చేరితిమి. దూరమునుండి చూచినప్పుడు విమానము బీచి రోడ్డుపై వాలిన పెద్ద పక్షివలె కానవచ్చెను. దగ్గరకు పోయినకొలది అది పెరుగుచున్నట్లే తోచెను. తలనుండి తోకవరకు 53 మీటరులు. ఒక రెక్క కొననుండి రెండవ రెక్క కొనవరకు సుమారు 50 మీటరులు. మా అబ్బాయి దాని ప్రక్కన అడుగులు లెక్కపెట్టుచు నడచి, సగములోనే లెక్క మరచి, మరల మొదలుపెట్టెను.

నన్ను మిక్కిలి ఆకర్షించినవి దాని మరలు. రెక్కలకు నాలుగు ఇంజనులు కలవు. ఒక్కొక్క ఇంజనునకు నాలుగేసి ఆకులు గల పంకాలు రెండు, ఒకదాని వెనుక నొకటి అమర్చబడినవి. ఈ లెక్కను మొత్తము 32 ఆకులు. ముందటి పంకా ఒక దిక్కునకు తిరిగిన, వెనుకటిది ఎదురు దిక్కునకు తిరుగును. ఇట్లేల యని నేను అడుగగా మా అమ్మాయి మనకు తెలిసిన ఉపమానముతోనే చెప్పెను. కవ్వము త్రిప్పినప్పుడు కుండలో మజ్జిగ సుడులు తిరుగును గదా. అట్లే ముందటి పంకా గాలిని సుడి త్రిప్పును. ఆ సుడిలో కొంత బలము వృథాయగును. వెనుకటి పంకా ఎదురుగా తిరిగి ఆ సుడిని సరిచేసి, ఆ బలమును గూడ విమానమును ముందునకు నడుపుటకే వినియోగించును. ఇట్టి యేర్పాటువలన ఈ విమానము గంటకు సుమారు 900 కిలోమీటరుల వేగమున పోగలిగెడిది. మేము రైలులో మూడు గంటలకు పైగా కూర్చుండి వచ్చిన దూరము దానికి పావుగంట పని.

ఇక దాని చరిత్రము. ఇది సోవియట్టు దేశమున ట్యుపొలెవు అను విమాన నిర్మాణ సంస్థవారు రూపొందించిన జాతి. 1988లో మన నౌకాదళమునకు ఇట్టివి చేరినవి, మొత్తము ఎనిమిది. మొదట గోవాలోను, 1992 నుండి అరక్కోణములోను వీనికి నివాసము. ఆల్బట్రాసు అను సముద్రపక్షి పేరు ఈ దండునకు పెట్టిరి. నేలను తాకక దినములతరబడి సముద్రముపై తేలుచు పోగల పక్షి యది. ఆ పేరు తగియే యున్నది. వచ్చిన సంవత్సరముననే, నవంబరులో, మాల్దీవుల రాజధానిపై కిరాయి సైనికులు దాడిచేసినప్పుడు మన దేశము సహాయమునకు పోగా, ఈ జాతి విమానములు సముద్రముపై నిఘా వహించెను. 29 సంవత్సరములు పనిచేసి, 2017 మార్చి 29న ఇవి విశ్రాంతి పొందెను. వీని పని ఇప్పుడు పి. 8ఐ అను క్రొత్త విమానములు చేయుచున్నవి. ఆ యేప్రిలు మాసమున ఈ ఒక్క విమానము విశాఖకు ఎగిరి వచ్చెను. అదియే దాని కడపటి ప్రయాణము. పిదప దానిని భాగములుగా విప్పి, రోడ్డు మార్గమున తీరమునకు తెచ్చి, మరల కూర్చిరి.

సముద్రముపై ఎగురు విమానము సముద్రము లోపల దాగిన జలాంతర్గామిని ఎట్లు కనుగొనును? ఈ ప్రశ్నకు అచ్చటి ప్రదర్శనశాలలో సమాధానము దొరకును. గొట్టములవంటి పరికరములు కొన్ని అచ్చట ఉంచిరి. వీనిని సోనోబాయిలందురు. విమానమునుండి వీనిని చిన్న పారాచూటుతో జారవిడుతురు. గొట్టము నీటిపై తేలుచుండగా, దానినుండి ఒక తీగ లోతునకు దిగును. ఆ తీగ కొనయందు నీటిలోని చప్పుడులను వినెడు చెవి యుండును. విన్నదానిని గొట్టము రేడియో మూలమున పైనున్న విమానమునకు చేరవేయును. తలుపు చాటున నిలిచి లోపలి మాటలు వినునట్లు, సముద్రపు తలుపునకు చెవి యొగ్గి వినుట యన్నమాట. ఇంతేకాక ఇనుముతో చేసిన పెద్ద వస్తువు నీటిలో నున్నచో భూమియొక్క అయస్కాంతశక్తిలో స్వల్పమైన మార్పు కలుగును. దానిని పసిగట్టు సాధనము తోక పైకొనయందు కలదు. ప్రయాణ వివరములు నమోదుచేయు పెట్టె, పంకా, ఇంజను కూడ అచ్చట చూడవచ్చును. ఆ పెట్టెను నల్లపెట్టె యందురుగాని సామాన్యముగా దానికి నారింజవన్నె వేయుదురు. ప్రమాదము జరిగినచో వెదకువారికి సులభముగా కనబడవలె గదా!

లోపలికి పోయితిమి. బయట అంత పెద్దదైన విమానము లోపల ఎంత ఇరుకు! వంగి, ఒదిగి నడువవలెను. ఎటు చూచినను గడియారములవంటి ముఖములు, మీటలు, తీగలు. ఇట్టి విమానమున పదిమందికి పైగా మనుష్యులు పది గంటలును, అంతకు మించియు, క్రింద నీరు, పైన ఆకాశము తప్ప మరియొకటి కానరాని చోట ఎగిరెడివారు. తోక చివర అద్దముల గది యొకటి కలదు. అందు కూర్చుండువాడు ముందున్నవారికి దూరముగా, వెనుకకే చూచుచు ప్రయాణము చేయవలెను. వచ్చినదారినే తప్ప పోవుదారిని చూడని ఆ మనిషినిగూర్చి నేను చాలసేపు తలచుచుంటిని.

మా అత్తగారు మౌనముగా అన్నియు చూచిరి. క్రిందికి దిగిన పిదప మనుమరాలిని పిలిచి, "అమ్మా, వీనిలో పోయినవారందరును తిరిగి వచ్చిరా?" అని అడిగిరి.

"వచ్చిరి మామ్మా. 29 సంవత్సరములలో ఈ దండు ముప్పదివేల గంటలు ఎగిరినది. ఒక్క ప్రమాదమైనను జరుగలేదు."

"గంటలు లెక్క వ్రాసినవారు బాగుగనే వ్రాసిరి. ఆ గంటలన్నియు ఇంటియొద్ద మేలుకొన్న తల్లుల లెక్క ఎవరు వ్రాసిరి?"

అమ్మాయి బదులు చెప్పలేదు. చెప్పదగిన బదులు నాకును తోచలేదు.

ఇసుకలో కూర్చుండి మురీ మిక్చరు తినుచుండగా అబ్బాయి అలలవైపు పరుగెత్తెను. అప్పుడు అమ్మాయి తాను చదివిన సంగతులు మామ్మకు చెప్ప నారంభించెను. మన దేశమున విమానము నడుపుటకు అనుమతి పొందిన తొలి స్త్రీలలో ఒకరు సరళా థక్రాల్. 1936లో, లాహోరులో, తన 21వ యేట ఆమె జిప్సీ మోతు అను చిన్న విమానమును ఒంటరిగా నడిపెను. అప్పటికే ఆమెకు నాలుగేండ్ల కూతురు కలదు.

"ఏమి కట్టుకొని నడిపినది?" అని అత్తగారు అడిగిరి.

"చీర కట్టుకొనియే, మామ్మా."

వారి ముఖమున చిరునవ్వు కనబడెను. కాని అమ్మాయి అంతటితో ఆపలేదు. సరళగారి భర్తయు విమానచోదకుడే. 1939లో విమానప్రమాదమున మరణించెను. పిదప యుద్ధమువలన ఆమె శిక్షణము నిలిచిపోయెను. ఆమె చిత్రకళ నేర్చి, వేరు వృత్తితో జీవించెను. ఇదియు దాచక చెప్పెను. తరువాత హైదరాబాదులోని డెక్కను ఎయిర్వేసు విమానములను ప్రేమ్ మాథుర్ నడుపుటయు, ఆమె 1949లో జాతీయ విమాన పందెమున గెలుచుటయు చెప్పెను. 2019 డిసెంబరు 2న సబ్ లెఫ్టినెంటు శివాంగి కొచ్చిలో నౌకాదళపు మొదటి మహిళా విమానచోదకురాలైనది. 2022 ఆగస్టు 3న అయిదుగురు స్త్రీలే డార్నియరు విమానమున పోరుబందరునుండి బయలుదేరి, అరేబియా సముద్రముపై నిఘా ముగించి వచ్చిరి. అనగా ఈ పెద్ద విమానము చేసిన జాతి పనినే పురుషుల తోడు లేక చేసిరి. అత్తగారు అన్నియు విని, "ఆమె భర్త పోయిన సంగతి నీవు చెప్పకున్నను నాకు తెలియదు గదా, ఏల చెప్పితివి?" అనిరి. "అడుగుచున్నది నీ అనుమతి గదా మామ్మా. సగము చెప్పి అడుగుట న్యాయమా?" అని అది బదులు చెప్పెను.

బాటకు ఆవలిప్రక్క, నీటి యొడ్డున, కుర్సురా అను జలాంతర్గామి కలదు. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. నీటిలో దాగుటకు పుట్టినది అది. దాగినదానిని వెదకుటకు పుట్టినది ఇది. రెండును ఇప్పుడు ఒకదాని కెదురుగ నొకటి పిల్లలకు పాఠము చెప్పుచు నిలిచినవి. ఆ దాపుననే 1971 యుద్ధవిజయమునకు గుర్తుగా కట్టిన స్మారకము కలదు. ఆ డిసెంబరు 3వ తేదీ రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ తొంబదిమందికి పైగా మనుష్యులతో విశాఖ సమీపముననే మునిగెను. అత్తగారు స్మారకమునకు నమస్కరించి, సముద్రమువైపు తిరిగి మరల నమస్కరించిరి. "మునిగినవారికిని తల్లులుందురు" అని మాత్రమే అనిరి.

ఆ రాత్రి బసలో వారే మాట తెచ్చిరి. "దరఖాస్తు వ్రాయనిండు. వ్రాసినవారికెల్ల వచ్చునది కాదు. వచ్చిన నాడు నేనడుగవలసినవి అడుగుదును. కాని దాని మాటలో దాపరికము లేదు. అది నాకు చాలును." అమ్మాయి పరీక్ష వ్రాయనున్నది. ఫలిత మెట్లుండునో యీశ్వరున కెరుక. నా భయము నన్ను విడువలేదు. ఐనను దానిని బిడ్డ దారికి అడ్డము పెట్టరాదని నిశ్చయించుకొంటిని.

ఇట్టి కోరికగల బిడ్డలుగల తల్లులకు ఒక మాట. జాతీయ రక్షణ విద్యాలయమున ఆడపిల్లలకు 2022 నుండి ప్రవేశము కలిగినది. 2025 మే మాసమున మొదటి జట్టు, 17 మంది యువతులు, అచ్చట శిక్షణము ముగించిరి. ప్రవేశపరీక్ష యేటికి రెండు మారులు జరుగును. అవివాహితలై, వయస్సు పదునారున్నర మొదలు పందొమ్మిదిన్నర యేండ్ల లోపల నుండవలెను. నౌకాదళమును, వాయుదళమును కోరువారు ఇంటర్మీడియెట్టులో గణితము, భౌతిక రసాయనశాస్త్రములు చదివి యుండవలెను. కావున పదవ తరగతి ముగియగానే ఈ ఆలోచన చేయుట మంచిది.

విశాఖకు పోవు సోదరీమణులు ఈ విమానమును తప్పక చూడవలెను. వేసవిలోనైన సాయంకాలమే పోవుడు. మెట్లు, ఇరుకుదారి ఉండుటచే వృద్ధులను చేయిపట్టి నడిపింపుడు. విమానమును, జలాంతర్గామిని ఒకే దినమున చూడదలచినచో మొదట విమానము చూడుడు. వెదకువాని విద్య తెలిసిన పిదప దాగువాని విద్య సులభముగా బోధపడును. పిల్లలు అడిగిన ప్రశ్నలకు తొందరపడక నిలిచి బదులు చెప్పుడు. మగపిల్లలను మరల చెంతకు పంపి, ఆడపిల్లలను గవ్వల దుకాణమునొద్ద నిలుపకుడు. ఇరువురిని వెంటబెట్టుకొని పోవుడు.