కనిపించని సిద్ధాంత గ్రంథం

“ఈ అంశంపై ఇంతవరకు ప్రత్యేక పరిశోధన జరగలేదు.” నా పరిశోధన ప్రణాళికలో ఈ వాక్యాన్ని ఎంతో ధీమాగా రాశాను. యక్షగానాలలోని దరువుల నిర్మాణం నా పరిశోధనాంశం. పూర్వ పరిశోధనల కోసం డిజిటల్ భాండాగారాలలో తెలుగు లిపిలో వెతికాను. ఏమీ కనిపించలేదు. కనిపించనిది లేనట్లేనని భావించాను.

నిరుడు డిస్పేస్ సాఫ్ట్‌వేర్ వాడుకదారుల ప్రాంతీయ సమావేశంలో ఆ ధీమా సడలింది. సిద్ధాంత గ్రంథాలను, వ్యాసాలను భద్రపరచి పాఠకులకు అందించే ఈ సాఫ్ట్‌వేర్‌ను మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ గ్రంథాలయాలు, హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధనశాల కలిసి 2002లో విడుదల చేశాయి. మన దేశంలోని శోధ్‌గంగ కూడా దీని ఆధారంగానే ఏర్పడింది. సమావేశానికి వచ్చినవారు దాదాపు అందరూ గ్రంథాలయాధికారులు, కంప్యూటర్ నిపుణులే. సాహిత్య శాఖ నుంచి వెళ్లినది నేనొక్కదాన్నే.

విరామ సమయంలో ఒక గ్రంథాలయాధికారిణి నా అంశం అడిగి, నేను అంతకుముందు వెతికిన భాండాగారాన్నే తెరిచారు. ఆమె పదంతో వెతకలేదు. శాఖను, సంవత్సరాన్ని ఎంచుకొని జాబితా చూశారు. అందులో యక్షగానాలపై ఒక సిద్ధాంత గ్రంథం ఉంది. శీర్షిక రోమను లిపిలో మాత్రమే నమోదై ఉంది. రెండవ అధ్యాయం పూర్తిగా దరువుల గురించే.

గ్రంథంలోని పుటలు కంటికి చక్కని తెలుగులోనే ఉన్నాయి. ఒక పంక్తిని నకలు చేసి వేరొకచోట పెడితే మాత్రం అర్థంలేని గుర్తులు వచ్చాయి. యూనికోడ్‌లో ‘క్ష’ అంటే క, విరామ చిహ్నం, ష అనే మూడు సంకేతాల వరుస. పాత ఫాంట్లలో తెలుగు అక్షర రూపాలను రోమను అక్షరాల స్థానాలలో అమర్చారు. అందువల్ల మనకు తెలుగుగా కనిపించేది యంత్రానికి తెలుగు కాదు.

మధ్యాహ్నం మెటాడేటాపై చర్చ జరిగింది. డబ్లిన్ కోర్ ప్రమాణంలోని 15 అంశాలలో కర్త పేరు ఒకటి. ఒకే పరిశోధకుని పేరు ఒకచోట ఇంటిపేరుతో మొదలై, మరొకచోట పొడి అక్షరాలతో ముగిస్తే యంత్రం ఇద్దరిగా లెక్కిస్తుందని చూపించారు. నాకు పాఠాంతరాలు గుర్తుకొచ్చాయి. వ్రాతప్రతుల వివరణాత్మక సూచీలను కూర్చిన పండితులు ప్రతి గ్రంథానికీ కర్త, పత్రసంఖ్య, లిపి, ఆద్యంతాలు నమోదు చేశారు. తాళపత్రం భద్రంగా ఉంటే చాలదని, ఆ సూచి లేకపోతే వెతికేవారికి అది దొరకదని వారికి తెలుసు. గ్రంథ సమర్పణ వేళ మనం ఆ పనిని కార్యాలయపు లాంఛనంగా చూసి ఇతరులకు అప్పగిస్తున్నాం.

యు.జి.సి. 2009 నిబంధనలు సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి సమర్పణను తప్పనిసరి చేశాయి. సమర్పించినదల్లా దొరుకుతుందన్న హామీ ఏ నిబంధనా ఇవ్వలేదు. శీర్షికను తెలుగులోనూ రోమను లిపిలోనూ ఇవ్వడం, సంగ్రహాన్ని యూనికోడ్‌లో రాయడం, కర్త పేరుకు ఒకే రూపం పాటించడం పరిశోధకుల చేతిలోని పనులే. పాత గ్రంథాల శీర్షికలను తెలుగు లిపిలో చేర్చడానికి తెలుగు శాఖలు గ్రంథాలయాలకు తోడ్పడవచ్చు.

తిరిగి వచ్చాక ప్రణాళికలోని ఆ వాక్యాన్ని కొట్టివేశాను. అక్కడ పూర్వ పరిశోధకుని పేరు, గ్రంథం శీర్షిక చేర్చాను. ఆయన వర్గీకరణతో నాకు రెండుచోట్ల విభేదం ఉంది. ఇప్పుడు నా మొదటి అధ్యాయం అక్కడి నుంచే మొదలవుతున్నది.