మూలము చెడలేదు, ప్రతి చెడినది

తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయు కాలమున వ్రాయసకాండ్ర వలన రెండు విధములైన లోపములు కలుగుచుండెడివి. ఒక యక్షరమును చూచి మఱియొక యక్షరమును వ్రాయుట మొదటిది. మాతృకలో ఆకు శిథిలమైన చోట నేమియు వ్రాయక స్థలము విడిచిపెట్టుట రెండవది. దీనినే పండితులు గ్రంథపాతమని వ్యవహరింతురు. గ్రంథపాతము కనబడిన చోట చదువరి, మాతృక చెడియున్నది కాబోలునని యనుకొని ముందునకు సాగును. కాని మాతృక చక్కగ నుండగనే, అది చెడినదని యెవరో చెప్పిన మాట నమ్మి వ్రాయసకాడు స్థలము విడిచెనేని ఆ సంగతి యెవ్వరికి తెలియును? మాతృక యింటనున్నంతకాలము సరిపోల్చి చూడవచ్చును. అది నశించిన పిమ్మట ఆ ఖాళీయే శాశ్వతమగును.

ఇట్టి లోపమే యొకటి 2023వ సంవత్సరము నవంబరు నెలలో కంప్యూటరు లోకమున బయటపడినది. కంప్యూటరు పేరు వినగనే "ఇది మనకేల" యని పుట త్రిప్పవలదని నా ప్రార్థన. నేడు మన పిల్లల పుట్టినరోజు ఫొటోలు, పొలము కాగితముల నకళ్లు, అమ్మమ్మలు పాడిన మంగళహారతులు, అన్నియు నా పెట్టెలలోనే యున్నవి. ఉగ్రాణములోని ధాన్యమునకు పురుగు పట్టిన దేమో యని చూచుకొను నిల్లాలు దీనిని గూర్చి తెలిసికొనుట తప్పుగాదు.

నాకీ సంగతి తెలియుటకు కారణమును చెప్పెదను. మా తండ్రిగారే నాకు గురువులు. భారత భాగవతములును, వసుచరిత్రమును వారి కడ కూర్చుండియే చదివితిని. పాఠము చెప్పుటకు ముందు వారు ప్రతి పద్యమునకు ప్రతిపదార్థమును విశేషములను నోటుపుస్తకములలో వ్రాసికొనెడివారు. వారు కీర్తిశేషులైన పిమ్మట 14 పుస్తకములు నాకు మిగిలినవి. అందు మూడింటిని చెదలు తినివేసినవి. తక్కినవానికి నా తమ్ముడు పుటపుటకును ఫొటో తీసి, 2022లో తన యింటి కంప్యూటరులో భద్రపఱచెను. అతడు ఆ వృత్తిలోని వాడు. "అక్కయ్యా, ఇక చెదలకు భయపడ నక్కఱలేదు" అనెను. పుటలు ముట్టుకొన్నచో పొడియై రాలుచుండుట చూచి, మావారు సయితము "ఇక వీనినేల దాచుట?" యని రెండు మూడు మారులనిరి. నాకు మనసొప్పక ఇత్తడి పెట్టెలోనే యుంచితిని.

నవంబరు చివర నొకనాటి రాత్రి తమ్ముడు ఫోను చేసి, కుశలప్రశ్నయైన వేయక, "అక్కయ్యా, నాన్నగారి పుస్తకములు పాఱవేయలేదు గదా?" యని యడిగెను. ఆ కంఠస్వరము వినగానే నా గుండె ఝల్లుమన్నది. పిమ్మట నతడు కొన్ని దినములు ఓపికతో నాకు బోధించిన దానిని నా మాటలలో వ్రాయుచున్నాను.

ఏ ఫైలు డిస్కుపై నెచ్చట నున్నదో యెఱిగి, అడిగినప్పుడు తీసి యిచ్చు విభాగమును ఫైల్ సిస్టమ్ అందురు. ఇంటికి ఉగ్రాణము చూచు గృహిణి యెట్టిదో కంప్యూటరున కది యట్టిది. అట్టి వానిలో జెడ్‌ఎఫ్‌ఎస్ అనునది మిక్కిలి నమ్మదగినదని పేరుగన్నది. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ అనువారలు 2001లో దీని నిర్మాణమునకు పూనుకొనిరి. 2005లో దీని సోర్సు కోడు అందఱకు వెల్లడియయ్యెను. 2013 నుండి ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ అను పేర పలువురు కలసి దీనిని పోషించుచున్నారు. దాచిన ప్రతి భాగమునకు నొక లెక్క కట్టి, ఆ లెక్కను వేఱొకచోట వ్రాసికొని, తీయునప్పుడు మరల లెక్క సరిచూచుట దీని విశేషము. బియ్యము కొలిచి గాదెలో పోసి, కొలతను గాదెపై గాక వేఱు చిట్టాలో వ్రాసికొనుట వంటిది. డిస్కు చెడి యొక్క యక్షరము మాఱినను ఇది పట్టుకొనును.

ఇంతటి జాగ్రత్తగల చోట 2023 నవంబరులో విపరీతము కనబడినది. జెంటూ అను లినక్సును వాడువా రొకరు 'గో' అను కంప్యూటరు భాషకు సంబంధించిన పరికరములను నిర్మించుకొనుచుండగా, కాపీ చేయబడిన కొన్ని ఫైళ్లలో నడుమ భాగములు పోయి వాని స్థానమున వట్టి సున్నలు మిగిలెను. మూలపు ఫైలు చెక్కు చెదరలేదు. ప్రతిలో మాత్రము గ్రంథపాతము. లెక్కల పరీక్ష కిది చిక్కలేదు. ఏలయన, ఆ సున్నలను దాచునప్పుడు సున్నలకే లెక్క కట్టబడెను. ఊక పోసి ఊకనే కొలిచి చిట్టాలో వ్రాసికొన్నచో, ఎన్నిమారులు సరిచూచినను కొలత సరిగనే యుండును గదా!

ఇక నింద యెవరిపై పడెనో చూడుడు. అంతకు నెలనాళ్లకు ముందు, 2023 అక్టోబరులో, ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.2.0 వెలువడినది. బ్లాక్ క్లోనింగ్ అను కొత్త సౌకర్య మందు చేరినది. కాపీ చేయునప్పుడు సరకును మరల వ్రాయక, ఉన్నదానినే యిరువురకును చెందునట్లు చేయు నుపాయ మది. చెడినవి కాపీలు, కొత్తగ వచ్చినది కాపీలకు సంబంధించిన సౌకర్యము. ఇంకేమి కావలయును? కొత్తకోడలు కాలుపెట్టిన నెలలో పాలు విఱిగినచో, పాలగిన్నెను చూచువారెవరు? నవంబరు 21వ తేదీన 2.2.1 వెలువరించి ఆ సౌకర్యమును ఆపివేసిరి. జాగ్రత్తకై అట్లు చేయుట యుక్తమే. కాని వారు అంతటితో చేతులు దులుపుకొనలేదు. ఇచ్చటనే వారియందు నాకు గౌరవము కలిగినది.

ఒకేమారు అనేక కాపీలు చేసి, మూలముతో సరిపోల్చి చూచు చిన్న కార్యక్రమమును వ్రాసి పలువురు తమ తమ యంత్రములపై నడపిరి. బ్లాక్ క్లోనింగ్ ఆపినను దోషము కనబడెను. ఆ సౌకర్యము పుట్టకమునుపటి పాత కూర్పులలోను కనబడెను. అనగా, కోడలు రాకమునుపే యా యింట ఆ లోపము కలదు!

అసలు కారణము మన యింటి పనితో పోల్చినచో సులభముగ తెలియును. కంప్యూటరులో వ్రాసినదంతయు వెంటనే డిస్కునకు పోదు. కొంతసేపు మెమరీలో నిలిచి, సాధారణముగ 5 సెకండ్లకొకమారు మూటగా డిస్కునకు చేరును. ఇంకను చేరని దానిని ఆ వృత్తివారు 'మాసినది' యని పిలుతురు. డిస్కునకు చేరినది ఉతికిన బట్టతో సమానము. కాపీ చేయు పనిముట్టు "ఈ ఫైలులో ఖాళీ లెచ్చట నున్నవి?" యని యడిగి, ఖాళీలను చదువక దాటిపోవును. 2021లో వచ్చిన కోర్‌యుటిల్స్ 9.0 నుండి లినక్సులోని కాపీ పనిముట్టు ఈ ప్రశ్నను మునుపటికంటె తఱచుగ నడుగుచున్నది. జెడ్‌ఎఫ్‌ఎస్ జవాబు చెప్పుటకు ముందు, ఫైలు మాసియున్నదా యని చూడవలయును. మాసియున్నచో, డిస్కునకు చేర్చిన పిమ్మటనే జవాబు చెప్పవలయును.

ఇంటిలో తల్లి "మాసిన బట్టలున్నవేమో చూడుమమ్మా" యని పిల్లను పంపినదనుకొనుడు. పిల్ల బుట్టలోనికి మాత్రమే తొంగిచూచినది. ఆ క్షణముననే వదినగారు బట్టలను బుట్టలోనుండి తీసి, చేతులపై వేసికొని నూతి కడకు పోవుచున్నది. బుట్టలో లేవు, ఇంకను ఉతుకబడలేదు. పిల్ల వచ్చి "మాసినవి లేవమ్మా" యన్నది. పిల్ల అబద్ధ మాడలేదు. చూడవలసిన రెండు చోట్లలో నొక్కటియే చూచినది. ఇదియు నట్లే. ఫైలు ఒక జాబితానుండి మఱియొక జాబితాకు మాఱుచున్న, కనుఱెప్పపాటు కంటెను స్వల్పమైన కాలమున ఎవరైన నడిగినచో "మాసినది కాదు" అను జవాబు వచ్చుచుండెను. అంతట డిస్కు వైపు చూడగా నచ్చట నింకను నేమియు లేదు. కావున "ఇచ్చట ఖాళీ" యని చెప్పబడెను. వ్రాయసకాడు స్థలము విడిచెను.

వినాయక చవితినాడు మనమందఱమును అక్షతలు చేతబట్టి వినెడి శమంతకోపాఖ్యానము నాకిచ్చట స్మరణకు వచ్చుచున్నది. మణి కనబడకపోగానే నింద శ్రీకృష్ణునిపై పడినది. ఆయన "నేను తీయలేదు" అని యూరకుండలేదు. అడవికి పోయి, ప్రసేనుని కళేబరమును, పిదప సింహపు టడుగులను, ఆపైన భల్లూకపు టడుగులను పట్టిచూచుకొనుచు జాంబవంతుని గుహ చేరెను. నింద తొలగుటకు జాడ వెదకుటయే మార్గము. వీరును అట్లే జాడలు పట్టి చేరిరి. రాబ్ నోరిస్ అను నతడు వ్రాసిన దిద్దుబాటు కొలది పంక్తులే. ఒక్క గుఱుతును గాక, ఫైలును దానిలోని సరకును గూడ మాసియున్నవేమో చూడుమను నాజ్ఞ మాత్రమే అందున్నది. నవంబరు 30వ తేదీన 2.2.2, 2.1.14 అను కూర్పులలో నది యందఱకు నందినది. బ్లాక్ క్లోనింగును మఱింత పరీక్షకై అప్పటికి ఆపియే యుంచిరి. కొత్తకోడలు సర్వగుణసంపన్న యని నేననను. ఈ దోషము మాత్ర మామెది కాదు.

మా పుస్తకముల సంగతి చెప్పవలసియున్నది. అదృష్టవశమున ఫొటోలు తీసిన కెమెరా కార్డు తమ్ముని యొద్ద నుండెను. కార్డులోనివానికిని కంప్యూటరులోనివానికిని లెక్కలు కట్టి సరిపోల్చెను, అన్నియు సరిపోయినవి. అయినను నాకు తృప్తి లేక, పెట్టె తెఱచి, మధ్యాహ్నములందు పుటపుటకును తెరపై బొమ్మతో సరిచూచితిని. ఉద్యోగపర్వపు పుస్తకములో నొకచోట నాలుగు పంక్తుల ఖాళీ కనబడగా ఒడలు చల్లబడినది. కాగితము చూచితిని. అందును ఖాళీయే! అంచున తండ్రిగారి చేవ్రాలుతో "ఇచ్చట అర్థము స్ఫురింపలేదు, విచారింపవలెను" అని యున్నది. కన్నులు చెమర్చినవి. తెలియనిచోట తెలియలేదని వ్రాసి విడిచిన ఖాళీ విద్య కలంకారము. ఉన్నదానిని లేదని చెప్పి విడిచిన ఖాళీ ద్రోహము. చూచుట కవి రెండును నొక్కతీరుననే యుండును.

సోదరీమణులారా! మీ యింట విలువగల కాగితములను కంప్యూటరునకు గాని ఫోనునకు గాని యెక్కించినప్పుడు, మూలముతో సరిచూడనిదే దానిని ప్రతియని నమ్మకుడు. సరిచూచిన పిమ్మటను వేఱొకచోట వేఱు పెట్టెలో రెండవ ప్రతి నుంచుకొనుడు. మూలమును పాఱవేయుటకు తొందరపడకుడు. ఇంట నేదైన చెడినప్పుడు, అందఱకంటె కొత్తగ వచ్చినవారివైపు వ్రేలు చూపుటకు ముందు, బుట్టయు చూడుడు, నూతిగట్టును చూడుడు.